ప్రేబెన్ విన్న గొంతు

అక్సెల్,

బఠాణీ సూప్ మెత్తగా మెదిపి, వడకట్టి పొయ్యి మీద ఉంచాను. కొద్దికొద్దిగా మింగు. మెడ రంధ్రం మీది ఫిల్టర్ మార్చుకో, కొత్తవి సొరుగులో ఉన్నాయి. స్నానం చేసేటప్పుడు రంధ్రంలోకి నీళ్ళు పోనివ్వకు.

రొట్టెల కొట్లో నీ పేకాట స్నేహితుడు ప్రేబెన్ కనిపించాడు. "ఏం గెర్డా, మీ ఆయనకి మాట వచ్చేసిందిగా, ఇక నీకు మనశ్శాంతి కరువే. నిన్న ఆటలో నన్ను దొంగవెధవ అన్నాడు" అని నవ్వాడు. నాకూ తెలిసినట్టే నవ్వి వచ్చేశాను.

స్వరపేటిక తీసేసి, మాట వచ్చేందుకు పెట్టిన వాల్వు పని చెయ్యడం లేదని నాకు పలక మీద రాసి చూపించింది నువ్వే. ఆపరేషన్ గదిలోకి వెళ్తూ "ఇంటికెళ్ళు, వాన వచ్చేట్టుంది" అన్నావు. అదే నీ చివరి మాటనుకుని ఇన్నాళ్ళూ దాచుకున్నాను. ఆ రంధ్రం తుడిచేది నేను, నీ దగ్గుకి లేచేది నేను, మాట మాత్రం ప్రేబెన్‌కా?

మా అక్క దగ్గరికి వెళ్తున్నాను. తాళంచెవి తీసుకెళ్ళడం లేదు. సాయంత్రం వచ్చి తలుపు కొడతాను. మెడ రంధ్రం మీద వేలు నొక్కిపెట్టి, ఎవరని అడుగు. ఎంత బొంగురుగా ఉన్నా సరే. నీ గొంతు వినిపించకపోతే అక్క ఇంటికే తిరిగి వెళ్ళిపోతాను.

గెర్డా

కొట్టేది నేనేనని నీకు తెలుస్తుంది. తెలిసినా అడుగు.