చర్చి గుమ్మం దగ్గర బూబా

చెక్‌పోస్టు కమాండర్ గారికి, చర్చిలో పాటలు పాడించే మాస్టారు దండం పెట్టి రాసుకునేది.

ఆదివారం మా చర్చి గుమ్మం దగ్గర కాపలా ఉండగా మీ సిపాయిలు పట్టుకుపోయిన బూబా జౌరో ఉగ్రవాది కాదండీ. మూడేళ్ళ కిందట ఇక్కడ బాంబు పేలిన దగ్గర్నుంచీ మా ఊరి పద్ధతే అది. ఆదివారం ముస్లిములు చర్చికి, శుక్రవారం మేం మసీదుకి కాపలా ఉంటాం. వచ్చినవాళ్ళ సంచులు తడిమి చూసి లోపలికి పంపుతాం.

"ఈ గడ్డంవాడు మీలో ఎవరికైనా తెలుసా?" అని మీవాళ్ళు తుపాకులెత్తి అడిగారు. బూబా నావైపే చూశాడు. నాకు నోరు పెగల్లేదు. ఎవరికీ పెగల్లేదు.

నిన్న అతని భార్య అస్తా మా ఇంటికొచ్చింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"రేపు మసీదు కాపలాకి రాకు అన్నయ్యా. నిన్నెవరైనా పట్టుకుంటే మావాళ్ళు ఊరుకోరు, మావాడేనని అరుస్తారు. అప్పుడు నీకే సిగ్గేస్తుంది" అంది.

ఇవాళ శుక్రవారం. నేను వెళ్తున్నాను. బూబాని వదలడం కుదరదంటే, నమాజు అయ్యేదాకా మసీదు గుమ్మం దగ్గరే ఉంటాను, నన్నూ తీసుకుపోండి.

ఆదివారం మీవాళ్ళు అడిగినదానికి జవాబు ఆలస్యమైంది, మన్నించండి. అతను నాకు తెలుసు.