కర్ఫ్యూలో కిటికీలు

మార్చి 4

మా కొత్త విమానాల్లో కిటికీకి లాగే షట్టరు లేదు. కింద ఒక బటన్ ఉంటుంది. నొక్కితే అద్దాల మధ్య ఉన్న జెల్‌కి కాస్త కరెంటు తగిలి, అద్దం మెల్లగా నీలమవుతుంది. ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. ఓపిక లేనివాళ్ళు పాడైందనుకుని బటన్‌ని పొడుస్తూనే ఉంటారు. నీలం ఎంత ముదిరినా సూర్యుడు నీలి బిళ్ళలా కనిపిస్తూనే ఉంటాడు.

అసలు పెత్తనం మాది, ఎయిర్‌హోస్టెస్‌లది. మా ప్యానెల్ మీద ఒక్కటి నొక్కితే సెక్షన్ మొత్తం చీకటి. లాక్ వేస్తే ప్రయాణికుల బటన్లు ఉత్తుత్తివే. మా సీనియర్ భోజనాలు అవ్వగానే, పట్టపగలు కూడా, లాక్ వేసేస్తుంది. జనం పడుకుంటే కాల్ బెల్లులు మోగవు. ఆవిడని చాటుగా కర్ఫ్యూ మేడమ్ అంటాం.

మార్చి 9

మేనత్తకి టికెట్ తీశాను. స్టాఫ్ కోటా. నా ఫ్లైటే. సర్వీసంతా బస్ కండక్టర్‌గా చేసింది, నిలబడే. జనమంతా కిటికీల పక్కన కూర్చుంటే తను మధ్యలో వేలాడేదట. నన్ను పెంచింది ఆవిడే. నోరు తెరిచి నన్ను ఏదైనా అడగడం ఇదే మొదలు: కిటికీ సీటు.

మార్చి 10

నెలాఖరుకి సీనియర్ పోస్టు ఇంటర్వ్యూ. అంతా కర్ఫ్యూ మేడమ్ రిపోర్టు మీదే. నోరు మూసుకుని ఉండాలి.

మార్చి 15, సాయంత్రం

చేసేశాను.

భోజనాలయ్యాయి, లాక్ పడింది. బయట ఎండ విరగ్గాస్తోంది. అత్త బటన్ నొక్కింది. మళ్ళీ నొక్కింది. నన్ను పిలిచి, గొంతు తగ్గించకుండా, టికెట్టు కొట్టి సీటు లాక్కుంటే నా బస్సులో నన్ను తన్నేవాళ్ళే, మీరు సీటిచ్చి కిటికీ లాక్కుంటారేమే అని దులిపేసింది. వెనక సీటాయన అవునవునంటూ తలూపాడు.

వెళ్ళి మేడమ్‌ని బతిమాలాను. ఒక్కరి కోసం రూల్ మారదంది. అంతటితో ఆగినా ఊరుకునేదాన్నేమో. మీ అత్తకి మబ్బులు చూడాలనుంటే డాబా ఎక్కమను అంది. ఒళ్ళు మండిపోయింది.

లాక్ ఒక్కటే తీద్దామనుకున్నాను. ఎవరికి కావాలంటే వాళ్ళు వెలుగు పెట్టుకుంటారు. కానీ నా చెయ్యి ఉందే, దిగే ముందు ప్రతిసారీ సెక్షన్ మొత్తానికీ అద్దాలు తేటపరిచే క్లియర్ బటన్ కొట్టే చెయ్యి, అలవాటు చొప్పున అదే కొట్టింది. సెక్షనంతా మెల్లమెల్లగా తెల్లారింది. ఎవరో తిట్టారు. ఎవరో దుప్పటి ముసుగేసుకున్నారు. మిగతావాళ్ళు లేచి బయటికి చూస్తూ ఉండిపోయారు. అత్త నుదురు అద్దానికి ఆనించి కూర్చుంది. కింద మంచుకొండలట. నాకు చూసే తీరిక ఎక్కడిది?

మేడమ్ పరుగున వచ్చి, మూస్తావా, ఉద్యోగం మానేస్తావా అంది. మూశాను. ఈ చేత్తోనే. అద్దం చీకటయ్యే ఆ కాసేపూ అత్త చూపు తిప్పలేదు.

మార్చి 17

ఆఫీసులో క్షమాపణ రాసిమ్మంటున్నారు. పొరపాటున నొక్కానని ఒక్క ముక్క చాలట. లేకపోతే పోస్టు సంగతి మర్చిపోవాలట. సగం నిజమేగా, రాసి పడెయ్యి అంటుంది రూమ్మేటు.

పొరపాటు చేతిది. బుద్ధి నాదే. లాక్ తీయాలనే వెళ్ళాను, తీశాను.

మార్చి 18

రాయను.

మార్చి 20

అత్త ఫోన్ చేసింది. ఎవరు ఊదారో తెలియదు, విషయం తెలిసిపోయింది. నా పిచ్చికి నీ పోస్టు ఎందుకే పోగొట్టుకుంటావు, రాసిచ్చెయ్ అని ఏడ్చింది. ఈవిడని ఏడిపించినందుకు మేడమ్ మీద ఇంకా కోపం వచ్చింది. ఇప్పుడు అసలు రాయను.

మార్చి 28

పోస్టు పోయింది. ఇంటర్వ్యూ గదిలోంచి వచ్చేస్తుంటే పెద్దాఫీసరు, పోనీ చేసినదానికి బాధైనా ఉందా అని అడిగాడు. ఉందన్నాను. మేడమ్ అనగానే అద్దాలు మళ్ళీ మూసినందుకు.