నడుస్తూ అడిగిన ప్రశ్న

సస్కటూన్,
ఆదివారం మధ్యాహ్నం

అక్కకు రఘు నమస్కారాలు.

నువ్వూ బావగారూ నా మేనకోడలు శ్రావ్యా కులాసా అని నమ్ముతున్నాను. బావగారి షుగరు ఎంతుందో ఈసారైనా నిజం రాయి. శ్రావ్యను ఇక్కడికి చదువుకు పంపే సంగతి ఫోన్లో తేల్చుకుందామన్నావు. ఫోన్లో నేను అరుస్తాను, నువ్వు పెట్టేస్తావు. కిందటిసారి జరిగింది అదే. కాగితం మీద ఎంత అరిచినా నీ చెవులకు ప్రమాదం లేదు కనుక ఉత్తరం రాస్తున్నాను.

నేను బాగానే ఉన్నాను. ధాన్యం పరీక్షించే ల్యాబులో పని ఎప్పటిలాగే నడుస్తోంది. వంట చేసుకుంటున్నాను, వేళకు తింటున్నాను, దిగులు పెట్టుకోకు. ఒక్కడినే కూర్చుని తినడం మాత్రం ఇన్నేళ్ళయినా అలవాటు కాలేదు. ఈమధ్య బస్సెక్కితే చాలు, వెనక సీట్లో తెలుగే వినపడుతోంది. అంతమంది మన పిల్లలు వచ్చి దిగారు.

పోయిన శనివారం కొండలెక్కాను. నవ్వకు. సుబ్బారావుగారని గుంటూరు డాక్టరొకాయన ఉన్నారు, రిటైరయ్యారు, డెబ్బై దాటినా మేకలా ఎక్కుతారు. ఆయనా, నేనూ, మా వీధిలో ఒక బేస్‌మెంటులో మరో అయిదుగురితో కలిసి ఉండే మౌనికా. మౌనికది కరీంనగర్ పక్క. కాలేజీలో చదువుతూ వేర్‌హౌస్‌లో షిఫ్టులు చేస్తుంది. వచ్చి ఏడాదిన్నరయినా ఈ దేశంలో ఆ రెండూ తప్ప మూడో చోటు చూడలేదంటే, నేనే రమ్మన్నాను. శుక్రవారమంతా కారులో ప్రయాణం చేసి కొండల కిందున్న కాన్మోర్ అనే ఊళ్ళో బస చేశాం.

పొద్దున్న ఆరింటికి నడక మొదలుపెట్టాం. మొదటి రెండు గంటలూ అడవే, జిగురు వాసన. తర్వాత గీత గీసినట్టు చెట్లు ఆగిపోయాయి. ఇక పైనంతా రాయి. నిలువునా చీలిన బూడిదరంగు పలకలు, వాటి సందుల్లో జూలై నెలలో కూడా కరగని మంచు. దారంటూ లేదు. ముందు వెళ్ళినవాళ్ళెవరో చిన్న చిన్న రాళ్ళ కుప్పలు పెట్టి వెళ్ళారు, అవే గుర్తు. బలిసిన ఉడతలాంటి జంతువొకటి బండమీద నిలబడి ఈల వేసింది.

“కండక్టర్ లెక్కనే ఉన్నది అంకుల్, రైట్ రైట్ అంటుంది!” అని మౌనిక పకపకా నవ్వింది. ఆ పిల్ల నవ్వగా చూడడం నాకు అదే మొదటిసారి.

కాసేపటికి వెనకబడింది. “ఏమ్మా, కాళ్ళు నొప్పా?” అన్నాను.

“పర్లేదు అంకుల్.”

మరో రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ పర్లేదే. సరేనని సాగిపోయాను. ఆ మాట మీద నాకెంత మంటో నీకు తెలుసు. కాలేజీ సీట్లు అమ్మే ఏజెంటుకూ, కిటికీ లేని గదికి అద్దె గుంజేవాడికీ, రెండు షిఫ్టులు వరసగా వేసే సూపర్‌వైజరుకూ మన పిల్లల నోట్లోని ఈ ఒక్క మాటే పెట్టుబడి. ఇక్కడి సభల్లో ఈ విషయం మీద గొంతు చించుకున్నవాణ్ణి నేను. అలాంటి నాకు ఆ రోజు ఆ మాట భలే అనుకూలంగా వినపడింది. ఎందుకంటే నాకు శిఖరం కావాలి.

మొదటి శిఖరం దాటి రెండోదానికి పోయే గట్టు ఎడ్లబండి పట్టేంత వెడల్పు. రెండు పక్కలా లోయ. అక్కడ మౌనిక కాలు జారింది. రాళ్ళు దొర్లుకుంటూ పోయి ఎంతసేపటికో కింద చప్పుడయింది. ఆ పిల్ల చతికిలబడిపోయింది. బూట్లు విప్పిస్తే మడమలు ఒలిచినట్టున్నాయి, మేజోళ్ళు నెత్తుటితో అతుక్కుపోయాయి. వేసుకొచ్చినవి వేర్‌హౌస్ బూట్లు, ముందు ఇనుప రేకు ఉండేవి. వేరే జత లేదు.

“మీరు డాక్టరు కదా, చూడండి” అన్నాను కంగారుగా.

“నేను కంటి డాక్టర్నయ్యా. అయినా ఇది కనపడ్డానికి కళ్ళుంటే చాలు” అన్నారు సుబ్బారావుగారు. నన్నే అన్నారు.

“మూడుసార్లు అడిగాను కదమ్మా, చెప్పొద్దూ?”

మౌనిక తలెత్తలేదు. “అడిగిన్రు అంకుల్. కానీ నడ్సుకుంటనే అడిగిన్రు. ఒక్కసారన్న ఆగలే. గంత దూరం కార్ల తీస్కొచ్చిన్రు, నా వల్ల ఆగిన్రంటే మంచిగుంటదా?”

అక్కా, నేనక్కడే సంచి దింపి ఆ పిల్ల పక్కన కూర్చున్నాను.

రెండో శిఖరం ఇంకో అరగంట నడక. “మీరు పోయి రండ్రి, నేనీడ కూసుంట, పర్లే...” అని మధ్యలో నాలుక కరుచుకుంది. ముగ్గురం నవ్వాం. పులిహోర పొట్లాలు అక్కడే విప్పాం. డాక్టరుగారు కట్టు కట్టారు, మౌనిక నా ఊలు మేజోళ్ళు తొడుక్కుంది, వెనక్కి తిరిగాం. నొప్పి పుట్టినప్పుడల్లా “ఆగుండ్రి” అని గట్టిగా అనేది. ఆగేవాళ్ళం. ఎక్కినదానికంటే దిగడానికే ఎక్కువసేపు పట్టింది. ఇంత నెమ్మదైన సాయంత్రం నాకీమధ్య లేదు.

ఇప్పుడు అసలు సంగతి. “శ్రావ్యను అడిగాంరా, పర్లేదు వెళ్తానంది” అన్నావు ఫోన్లో. నేను ఏజెంట్లనూ ప్రభుత్వాలనూ తిట్టాను కానీ ఆ మాట దగ్గర ఆగలేదు. మీరు దాన్ని ఆగి అడిగారా, ఫారాలు నింపుతూ అడిగారా? పంపొద్దని నేననడం లేదు. ఇంత జరిగినా మౌనిక ఇక్కడే ఉంటానంటోంది, అది ఆ పిల్ల తేల్చుకున్న మాట. శ్రావ్యది ఇంకా ఎవరూ వినలేదు.

ఈ ఉత్తరం అందిందని కబురు పెట్టు, ఆ వచ్చే ఆదివారం మీ పొద్దున ఫోన్ చేస్తాను. శ్రావ్య చేతికిచ్చి నువ్వూ బావగారూ అలా బజారుకెళ్ళండి. మీ ఎదుట అది పర్లేదనే అంటుంది. నేనూ నోరు మూసుకుని వింటాను, ఒట్టు. అంతదాకా ఫీజు కట్టకండి.

ఎవరైనా ఇటు వస్తుంటే కందిపొడి పంపు, కారం తగ్గించకు. పిన్నిగారికీ బాబాయిగారికీ నా దండాలు. నీ దీవెన నా మీద ఉండనీ. మొదట్లో బాగానే ఉన్నానని రాశాను కదా, అది కొట్టేసి చదువుకో. వారమైంది, మెట్లు దిగలేకపోతున్నాను.

మోకాళ్ళు మినహా క్షేమంగా ఉన్న
నీ తమ్ముడు
రఘు