రంపం అమ్మాయికి, ఇంటూ గుర్తు తమ్ముడికి

చెక్కపని చేసి బతికినవాణ్ణి, ఈ వీధిలో అందరూ మేస్త్రీ అని పిలిచేవాణ్ణి, నా పూర్తి ఇష్టంతో, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకుంటున్న వీలునామా ఇది. చేతులు వణుకుతున్నాయి గానీ బుద్ధి స్థిమితంగానే ఉంది. అనుమానం ఉన్నవాళ్ల కోసం డాక్టరుగారి సర్టిఫికెట్టు వెనక జతపరిచాను. ఇంతకుముందు వీలునామా ఏదీ రాయలేదు. నా తదనంతరం ఇదే అమలు కావాలి.

1. దీన్ని అమలు జరిపే బాధ్యత మా పక్క గాజు పలకల షాపాయనకు అప్పగిస్తున్నాను. దేనికైనా 'ఒక్క నిమిషం' అంటాడని వీధిలో ఆయనకు నిమిషం అనే పేరు పడింది. ఆ నిమిషం ఏనాడూ పూటకు తగ్గలేదు. అయినా గాజు కోసేవాడికీ ఆస్తి పంచేవాడికీ తొందర పనికిరాదు.

2. నా స్వార్జితమైన ఇల్లు, బ్యాంకులో ఉన్నది, సర్వహక్కులతో నా భార్యకు చెందాలి. "ఊరందరికీ కుర్చీలు చేస్తారు, మనింట్లోవి మాత్రం ప్లాస్టిక్‌వి" అని ఆమె దెప్పని రోజు లేదు. కిటికీ పక్కనున్న టేకు కుర్చీ ఆమె కోసమే చేశాను. దాని మీద ఉతికిన బట్టలు కుప్పపోయకూడదని షరతు రాద్దామనుకున్నాను. రాసినా వినదు కనుక మానేశాను.

3. నా బావమరిది అడిగి పట్టుకెళ్లిన, చెక్కలు బిగించే క్లాంపులు ఆయనకే రాసిస్తున్నాను. ఇకనుంచైనా మా ఇంటికి వచ్చినప్పుడు వాటి ఊసు రాకుండా మాట మార్చే శ్రమ ఆయనకు తప్పుతుంది.

4. వర్క్‌షాపు మా అమ్మాయికీ, నా తమ్ముడికీ చెరిసగం. మధ్యలో గోడ కట్టడానికి వీల్లేదు. ఇద్దరూ విడివిడిగా నా దగ్గరికొచ్చి గోడ మాట ఎత్తారు కాబట్టి స్పష్టంగా రాస్తున్నాను. పెద్ద ప్లైవుడ్ షీటు తిప్పాలంటే ఆ జాగా మొత్తం కావాలి.

5. బ్యాటరీతో నడిచే ట్రాక్ సా అనే రంపం, దాని బ్యాటరీలు, ఛార్జరు, బ్లేడ్లు, పొట్టు సంచి, అది జారే అల్యూమినియం ట్రాకులు రెండూ అమ్మాయికి చెందాలి. ఎంచుకున్నది ఆమె. షాపులో నేను రంగు బాగుందన్నాను. షాపువాడు అట్ట మీది అంకెలు చదివాడు. ఆమె రెండూ వినకుండా, బ్యాటరీ తగిలించి బరువు చూసింది. బ్లేడు కిందికి దించే మీట తన వేళ్లకు అందుతుందా అని చూసింది. "మన డ్రిల్లు బ్యాటరీ దీనికి పడుతుందా?" అని అడిగింది. చివరికి ఓ పాత చెక్క తెప్పించి, కోసి, అంచు మీద బొటనవేలు రాసి చూసింది. ఒక్క పేడు లేవలేదు. ఆ రోజు నాకు ఎంత గర్వంగా అనిపించిందో ఇంటికొచ్చాక కూడా చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను.

అమ్మా, బ్లేడు చెక్క అడుగు దాటి ఒక్క పన్నంత లోతు దిగితే చాలు. దాన్ని తోయకు, దానితో నడువు. తిరగడం ఆగాకే ఎత్తు. బ్లేడు మార్చేముందు బ్యాటరీ ఊడదియ్యి. ఇవన్నీ నీకు తెలుసు. నాన్నను కనుక రాశాను.

6. "రంపం దానికిచ్చెయ్యి అన్నయ్యా, ట్రాకులు నాకియ్యి, నా రంపానికి వాడుకుంటా" అని తమ్ముడు అడిగాడు. కుదరదు. ట్రాక్ అంచున ఉన్న రబ్బరు పట్టీని మొదటిసారి ఈ రంపమే కోసింది. అందుకే పట్టీ అంచును పెన్సిలు గీత మీద పెడితే కోత సరిగ్గా అక్కడే పడుతుంది. ఇంకో రంపం పెడితే ఆ అంచు అబద్ధం చెబుతుంది. కాబట్టి వీటిని విడదీయకూడదు.

7. వంటగది అలమరా తలుపులు పొట్టివైన రోజు నుంచి వాళ్లిద్దరికీ మాటల్లేవు. గీత అమ్మాయి గీసింది. ట్రాక్ తమ్ముడు పెట్టాడు, గీతకు అవతలి వైపు. ట్రాక్ ఎప్పుడూ మనం ఉంచుకునే ముక్క మీదే ఉండాలి, లేకపోతే రంపం తినే మందం మంచి ముక్కలోంచి పోతుంది. అందుకే తుక్కు వైపు ఇంటూ గుర్తు పెట్టడం మా షాపు ఆనవాయితీ. ఆ రోజు ఎవరూ పెట్టలేదు. గుర్తేదీ అని వాడు, "అడగొచ్చుగా బాబాయ్" అని ఈమె. తలుపులు మళ్లీ చేసి బిగించాం. మాటలు మాత్రం మళ్లీ మొదలవలేదు. "స్క్రూలు ఇమ్మను నాన్నా", "దాన్నే తీసుకోమను అన్నయ్యా". ఇద్దరూ చేతికందే దూరంలో ఉంటారు, మధ్యలో టపా మోసేది నేను.

తమ్ముడి కోపం ఆ తలుపుల మీదిది కాదు. వైరున్న రంపం రోజుల్లో నేను కోస్తుంటే, వాడు వెనకాల వైరు పట్టుకుని నడిచేవాడు. అది చెక్క మూలకు తగులుకోకుండా, బ్లేడు కింద పడకుండా చూసేవాడు. నడుస్తూ వీధి కబుర్లన్నీ చెవిలో వేసేవాడు. బ్యాటరీది వచ్చాక వాడి చేతిలో పట్టుకోవడానికి ఏమీ లేకుండా పోయింది. "వైరు లేని రంపం కళ్లెం లేని గుర్రం" అని ఎగతాళి చేస్తాడు. వాడంటే నాకు ప్రాణం. మొహం మీద అనడం చేతకాక ఇక్కడ రాస్తున్నాను.

కాబట్టి నా ఎర్ర పెన్సిలు, దానితో పాటు ఇంటూ గుర్తు పెట్టే హక్కు, తమ్ముడికి రాసిస్తున్నాను. వాడు చూసి తుక్కు వైపు గుర్తు పెట్టనిదే అమ్మాయి రంపం మీట నొక్కకూడదు. పిలవడానికి ఆమె మొహమాటపడినా, రావడానికి వాడు బెట్టు చేసినా, ఆ హక్కు గాజు షాపు నిమిషానికి పోతుంది. అప్పుడు పని ఎప్పటికి తెములుతుందో ఇద్దరూ ఆలోచించుకోండి.

8. మా ఇంటి వీధి తలుపు నేలకు గీరుకుంటుంది. అడుగు కోసేస్తానంటే నా భార్య ఒప్పుకోలేదు. "ఆ చప్పుడు వింటేనే మీరొచ్చారని తెలిసేది, కూర వెచ్చబెట్టుకుంటాను" అంటుంది. నేను పోయాక ఆ చప్పుడు ఉండకూడదు. ఎవరు తలుపు తీసినా నేనే అనుకుని కూర వెచ్చబెట్టడానికి లేస్తుంది. నేను లేనప్పుడు ఆమె అలా లేవడం నాకిష్టం లేదు.

అందుకని నా దినాలకు వచ్చిన చుట్టాలు వెళ్లగానే, ఆమెను అడిగి, సరేనంటేనే, ఆ తలుపు ఊడదీసి బల్ల మీద పరవండి. అమ్మాయి కోయాలి. అడుగున గీత నేనే గీసి ఉంచాను. చెయ్యి వణికినా స్కేలు పెట్టి గీశాను, తిన్నగానే ఉంది. ఇంటూ గుర్తు పెట్టలేదు. అది తమ్ముడి పని.

రెండువేల ఇరవై ఐదు, మార్చి పదకొండు, మంగళవారం, వర్క్‌షాపులో బల్ల దగ్గర కూర్చుని రాసి, చదువుకుని, సంతకం చేశాను.

సంతకం: మేస్త్రీ

ఆయన మా కళ్లముందు సంతకం చేశారు, ఆయన కళ్లముందు మేమూ చేశాం. ఇందులో మాకు చెందేదేమీ లేదు.

సాక్షులు:
సోఫాలు కుట్టే ఎదురు షాపాయన
చెక్కకు పాలిష్ పట్టే ఆవిడ