మేము అడగని మాఫీని రద్దు చేయుట గురించి

శ్రీయుత జిల్లా కలెక్టర్ గారి సముఖమునకు,
ప్రజావాణి, కరీంనగర్.

అర్జీదారులు:
ఒకటి: అడెపు అంబదాస్, మరమగ్గం కార్మికుడు, పద్మశాలి వాడ, చొప్పదండి.
రెండు: అడెపు పరశురాములు, సంతల్లో బట్టల వ్యాపారి, ఖానాపూర్, నిర్మల్ జిల్లా.
(రాస్తున్నది ఒకటో అర్జీదారు. రెండో అర్జీదారు పక్కన కూర్చుని చెబుతున్నాడు.)

విషయం: కృత్రిమ మేధ ద్వారా మా ఇద్దరి గొంతులు తయారుచేసి, మేము ఒకరినొకరు క్షమాపణ అడిగినట్లు సృష్టించి, మా మధ్య అక్రమంగా సఖ్యత కలిగించినందున, సదరు సఖ్యతను రద్దుచేసి మమ్మల్ని పూర్వ స్థితికి చేర్చుట గురించి.

అయ్యా,

పై విషయమును తమరు ఒకసారి చదివి పక్కన పెట్టకుండా, రెండుసార్లు చదవగలరని ముందుగా ప్రార్థన. మాఫీ అన్నారు గనుక ఇది రుణమాఫీ సంగతి అనుకుని వ్యవసాయ శాఖకు పంపకుండా ఉండగలరు.

1. ఒకటో అర్జీదారునైన నేను చిన్నప్పటి నుండి మరమగ్గాల షెడ్డులో పనిచేస్తున్నాను. మగ్గాలు నడుస్తున్నప్పుడు పక్కన ఉన్న మనిషి అరిచినా వినబడదు. అందువలన మేము చేతి సైగలతోను, పెదవుల కదలికలతోను పనులు గడుపుకుంటాము. ఆ అలవాటు నాతో పాటు ఇంటికి కూడా వచ్చినది. నేను బడికి ఎక్కువ పోలేదు. పేపరు చదువుతూ, రోజువారీ లెక్కలు రాసుకుంటూ రాత నేర్చుకున్నాను. రాయమంటే రాయగలను, మాట్లాడటమే తక్కువ. నెలకొకసారి మా కార్మికుల సంఘం సమావేశంలో జమాఖర్చులు చదివి వినిపిస్తాను. వాడలో నా గొంతు విన్నవారు అప్పుడే విన్నారు.

2. రెండో అర్జీదారు నాకు సొంత అన్న. మగ్గం వదిలి, ఖానాపూర్ చుట్టుపక్కల సంతల్లో మైకు పెట్టి తువ్వాళ్లు, లుంగీలు అమ్ముతాడు. ("మైకు లేకున్నా వినవడ్తదని రాయ్" అంటున్నాడు. రాశాను.)

3. మా ఇద్దరికీ మాటలు లేకపోవుటకు కారణం ఒక ఫ్లెక్సీ. నా గృహప్రవేశమునకు నా భార్య సత్తమ్మ తమ్ముడు భానుప్రసాద్, తన సొంత ఫ్లెక్సీ షాపులో, బంధుమిత్రులకు స్వాగతం అని ఒకటి కొట్టించి గేటుకు కట్టాడు. అందులో తన ఫోటో నల్ల కళ్లజోడుతో, నమస్కారం పెడుతూ, నా ఇంటి తలుపంత వేసుకున్నాడు. మా అన్న ఫోటో కింద మూలకు, షామియానా వాని ఫోను నెంబరు పక్కన పడినది. మా అన్న గేటు దగ్గరే నిలబడి అడిగాడు.

"ఏమ్రా, నా మొఖం గోటింత ఏసి, వాని మొఖం గుమ్మడికాయంత ఏస్తరా? గీ ఇంటికి పెద్దోన్ని నేనా, వాడా?"

నేను ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం నా మామూలు పద్ధతి. ఆయన దానిని జవాబుగా తీసుకున్నాడు. భోజనం చేయకుండా వెళ్లిపోయాడు. ఆ ఇంటికి ఇప్పటికి రెండుసార్లు సున్నం వేసినాము. అంతకాలమూ మా ఇద్దరి మధ్య మాట లేదు. అది సజావుగా, ఎవరి జోక్యం లేకుండా నడుస్తున్న వ్యవహారం.

4. ఇట్లుండగా గత నెలలో కరెంటు పోయి మగ్గాలు ఆగిన సమయంలో సత్తమ్మ ఫోను పట్టుకుని షెడ్డు తలుపు దగ్గరకు వచ్చింది. "బావ ఏదో పంపిండు, విను" అని చెవి దగ్గర పెట్టింది. అందులో మా అన్న గొంతు. సంతలో పలికినట్లే పలికింది:

"రావాలె తమ్మీ, రావాలె! సూడు తమ్మీ సూడు, అన్న మనసు సూడు! పట్టి సూడు, గుంజి సూడు, రంగు పోదు! తప్పు నాది తమ్మీ, తప్పు నాది! గీ మాట మళ్ల దొరకది!"

నేను మళ్లీ పెట్టమన్నాను. మళ్లీ విన్నాను. మా అన్న క్షమాపణ అడిగితే వేరే తీరుగా అడగడు, ఇట్లే అడుగుతాడు అని నాకు నమ్మకం కుదిరినది. సత్తమ్మతో "రమ్మను" అన్నాను.

5. సరిగ్గా అదే సమయమునకు ఖానాపూర్‌లో మా అన్న ఫోనుకు నా గొంతు చేరినది. అది జమాఖర్చులు చదివినట్లు ఈ విధముగా చదివినది:

"అన్నకు నమస్కారం. గృహప్రవేశం ఖాతా. తప్పులు, ఒకటి. ఆ ఒకటి, నాది. నీ నుంచి రావలసినది, ఏమీ లేదు. నువ్వే రావాలె. సరిచూసుకోగలరు."

మా అన్న సంతలో బట్టలు పరిచిన చోటే కూర్చుండిపోయాడని, గిరాకీ వచ్చి టవల్ ధర అడిగితే "ఊకో అవ్వా, మా తమ్ముడు మాట్లాడుతుండు" అన్నాడని ఆయనే చెబుతున్నాడు.

6. ఆ తర్వాతి ఆదివారం మా అన్న రెండు బస్సులు మారి మా ఇంటికి వచ్చాడు. గడప అవతల ఆయన, ఇవతల నేను. క్షమించడానికి ఆయన సిద్ధపడి వచ్చాడు. నేనూ సిద్ధపడి నిలబడ్డాను. ఎవరికి వారు అవతలివాడు వంగుతాడని చూస్తున్నాము. జరిగిన సంభాషణ, ఇద్దరం ఒప్పుకున్న మేరకు, ఇది:

"ఏమ్రా, గట్ల నిలవడ్డవ్? గా మాట ఇంకోపారి అను. నోటితోని."

"అన్నది నువ్వు గదనే."

"నేనా? నేనేమన్న?"

"తప్పు నాది అన్నవ్."

"నాకేం తిక్క లేసిందా, నేనెందుకంట? గోటింత పడ్డ మొఖం నాదా, నీదా?"

రెండు ఫోన్లు స్టూలు మీద పెట్టి రెండూ వినిపించుకున్నాము. "గిది నేను కాదు" అని ఆయన, "అదీ నేను కాదు" అని నేను. ఇంటిలో ఉన్న మూడో మనిషి వైపు ఇద్దరం చూశాము. సత్తమ్మ కంచాలు పెడుతూ "కూసోండ్రి బావా, కూర సల్లగయితది" అన్నది. ఆ కూర తినుట వలన క్షమాపణను అంగీకరించినట్లు కాదని ఇద్దరం ముందుగా చెప్పుకుని తిన్నాము.

7. విచారించగా తేలినది ఏమనగా, సంఘం సమావేశాల్లో నేను లెక్కలు చదివినప్పుడు భానుప్రసాద్ "రికార్డుకు" అని ఫోనులో పట్టుకున్నాడు. మా అన్న సంత మైకును ఎవరో వీడియో తీసి పెడితే దానిని కూడా తీసుకున్నాడు. రెండింటినీ ఒక యాపుకు అప్పగించినాడు. గొంతులే కాదు, మాటలు కూడా అదే మా తీరుగా రాసిపెట్టినదట. మా అనుమతి ఎవరూ అడగలేదు. తయారైన వాటిలో మా అన్న గొంతును సత్తమ్మ ఫోనుకు పంపి, నా గొంతును సత్తమ్మ ఫోను నుండి మా అన్నకు పంపించినాడు. నేను అడిగితే అతను చెప్పిన సమాధానం:

"బావా, నీ గొంతు వాడకుండ పడున్నది. తుప్పు పడ్తదని నేనే జర తిప్పిన. గంతదానికి పరేషాన్ ఎందుకు?"

ఈ పని చేయమని అతనికి పురమాయించినది తన అక్క, అనగా నా భార్య. ఆమెపై చర్య తీసుకోవలసినదిగా కోరలేము. ఈ అర్జీ రాస్తుండగా ఆమె రెండుసార్లు చాయ్ ఇచ్చినది.

8. ఇంతటితో పోయినా సరిపోయేది. భానుప్రసాద్ రెండు క్షమాపణలనూ మా వాడ వాట్సాప్ గ్రూపులో పెట్టినాడు. ఆ గ్రూపులో షార్జాలో ఉన్నవారు కూడా ఉన్నారు. నా భార్య కూడా సరిగా వినని నా గొంతును అక్కడ లేబర్ క్యాంపులో అన్నం తిన్న తర్వాత అందరూ కలిసి విన్నారు. "కాకా, మా రూంల అందరు ఏడ్సిండ్రు" అని ఒకతను పెట్టాడు. వాడ రెండు పార్టీలుగా చీలినది. తప్పు ఒప్పుకున్నందుకు అన్న గొప్పవాడని ఒక పార్టీ, తమ్ముడు గొప్పవాడని ఇంకొకటి. బీడీల కంపెనీ దగ్గర, కిరాణం దగ్గర ఇదే తగువు. మా పక్కింటి కనకవ్వ తన చెల్లెలితో ఉన్న గొడవకు నా క్షమాపణనే పంపినది. అందులో "అన్నకు నమస్కారం" అని ఉన్నా ఆ చెల్లెలు ఏమీ అనుకోలేదట, కలిసిపోయినారట.

9. నిజం చెప్పాలని, జీవితంలో మొదటిసారి నేను స్వయంగా ఫోను నోటి దగ్గర పెట్టుకుని, అది నేను కాదని, జరిగినది ఫలానా అని వివరంగా మాట్లాడి గ్రూపులో పెట్టినాను. వెంటనే వచ్చిన జవాబులు:

"అంబదాస్ గింత మాట్లాడడు. ఇది ఏఐ."

"మొన్నటిదే అసలుది. గిది ఎవలో నకిలీది చేసిండ్రు, నమ్మకుండ్రి."

"భానన్నా, గీ దొంగ గొంతును గ్రూపుల నుంచి తియ్యి."

తీసివేసినారు. ప్రస్తుతం నేను ఆ గ్రూపులో లేను. నా పేరుతో మాట్లాడే ఆ యాపు గొంతు మాత్రం ఉన్నది. పుట్టినరోజులకు శుభాకాంక్షలు కూడా చెబుతున్నదట, నాకంటే మర్యాదస్తుడని పేరు తెచ్చుకున్నదట.

10. ఇప్పుడు మా అన్న నిజంగా ఫోను చేసినా నమ్మలేని స్థితి. అందుకు ఒక ఏర్పాటు చేసుకున్నాము. ఎత్తగానే "అవ్వ నిన్ను ఏమని తిట్టేది?" అని అడగాలి. సరైన జవాబు వస్తేనే మిగతా మాట. ఆ జవాబు ఇందులో రాయలేము. రహస్యం, పైగా తమరి ఎదుట అనదగిన మాట కాదు. ఈ పరీక్ష కోసం రోజూ ఫోను చేసుకోవలసి వస్తున్నది. పరీక్ష అయిన తర్వాత వెంటనే పెట్టేయడం బాగుండదని కొంచెం సేపు మాట్లాడవలసి వస్తున్నది. ఈ శ్రమకు కూడా ఆ యాపే బాధ్యత.

11. నా క్షమాపణ పుట్టినది చొప్పదండిలో, చేరినది నిర్మల్ జిల్లాలో. ఇంకొకటి నిర్మల్ జిల్లా మనిషి గొంతుతో చొప్పదండిలోనే పుట్టి చొప్పదండిలోనే చేరినది. కనుక ఏ జిల్లా పరిధిలోకి వస్తుందో మాకు తెలియదు. ఖానాపూర్ వైపు కూడా ఒక అర్జీ ఇద్దామని మా అన్న అంటున్నాడు. "రెండు దిక్కుల ఏద్దాం తమ్మీ, ఒక దిక్కు ఇస్తే అలుసయితది."

కావున తమరు దయతో:

(అ) పై రెండు క్షమాపణలు చెల్లవని, మేమిద్దరం ఒకరినొకరు ఏమీ అడగలేదని, మా వైరం యథాతథంగా అమలులో ఉన్నదని ఒక ఉత్తర్వు ఇప్పించగలరు.

(ఆ) ఆ ఉత్తర్వును మా వాడ గ్రూపులో తమరి గొంతుతో పెట్టించగలరు. తమరి గొంతు కూడా నకిలీది అంటారేమో గనుక ముద్ర వేసి కాగితం కూడా ఇవ్వగలరు.

(ఇ) నా గొంతు నాకు, మా అన్న గొంతు మా అన్నకు తిరిగి ఇప్పించగలరు. నాది వాడకంలో లేకపోయినా నాదే.

(ఈ) ఇకపై మా ఇద్దరిలో ఎవరైనా తప్పు ఒప్పుకుంటే, అది మనిషి, ఎదురుగా నిలబడి, నోటితో ఒప్పుకున్నప్పుడే చెల్లునట్లు ఆదేశించగలరు. ముందు ఎవరు ఒప్పుకోవాలి అనే దానిపై మాకు ఏకాభిప్రాయం లేదు. ఈ ఒక్క విషయం మీదే నిన్న పొద్దుటి నుండి మాట్లాడుతున్నాము.

గుర్తింపు కోసం మా ఇద్దరి ఫోటో జత చేసినాము. ముఖాలు సమానంగా ఉన్నాయా లేదా అని రెండో అర్జీదారు స్కేలు పెట్టి చూసుకున్నాడు. ఉన్నాయి.

మా మొర తమరి చిత్తమునకు ఎక్కి, తగు ఉత్తర్వులు వెలువడునని నమ్ముతూ, ఇంతవరకు రాసినది మనుషులే రాసినారని కూడా చిత్తగించవలెను.

ఇట్లు, తమ విధేయులు,
అడెపు అంబదాస్
అడెపు పరశురాములు
(సంతకములు)

మనవి: మా అన్న ఫోటోల జిరాక్సుకు పోయాడు. ఆయన వచ్చేలోగా ఇది రాస్తున్నాను. పై అర్జీలో రాసినవన్నీ నిజమే. కాని నా గొంతుతో ఫోనులో వచ్చిన మాటలను నేను చాలాసార్లు విని సరిచూసుకున్నాను. కొట్టివేయవలసినది ఒక్క మాట కూడా నాకు దొరకలేదు. అన్నది మాత్రం నేను కాదు. ఎదురుగా నిలబడి నోటితో అనమంటే అనగలనని నాకు నమ్మకం లేదు. అందుచేత తమరికి రహస్య ప్రార్థన. తమరి దగ్గర అర్జీలు తొందరగా తేలిపోతాయని విన్నాను. దీనిని తేల్చకండి. ప్రజావాణి జరిగే సోమవారం రమ్మని ఇద్దరికీ కబురు పెట్టండి. వచ్చిన తర్వాత ఏదో ఒక కాగితం తక్కువయిందని చెప్పి పై సోమవారానికి రమ్మనండి. ఆయన ఖానాపూర్ నుండి పొద్దున బయలుదేరితే అందుకోలేడు గనుక ఆదివారమే వచ్చి మా ఇంట్లో పడుకోవలసి ఉంటుంది. అట్లా కొన్నాళ్లు నడిపించగలరు.

అయ్యా, ఇది పరశురాములు రాస్తున్న. జిరాక్సు షాపుల కరెంటు లేదు, మళ్ల వచ్చిన. వీడు గీ కాగితం తొడ కింద పెట్టుకుని దాచిండు, గుంజుకొని చదివిన. యాపు రాసింది గాదు, మా వాని చేతి రాతే, నేను గుర్తు పడ్త. ముందుగాల ఒప్పుకున్నది తమ్ముడే అని మీ రికార్డుల ఎక్కించుకోండ్రి. వాయిదాలకు నాకు అభ్యంతరం లేదు. సోమవారం నాకు పెద్ద సంత ఉంటది. అయినా వస్త.