గాభరా గూట్లో పరాయి పిల్ల

ప్రియమైన అమ్మకి,

ఈ ఉదయం గాభరా పక్కకి ఒరిగి, నాలుగు కాళ్లూ చాపి నిద్రపోతోంది. నేను లైటు వేసినా లేవలేదు. గాభరా మా ల్యాబులో ఆడ ఎలుక. పేరు నేనే పెట్టాను. ఒకప్పుడు తలుపు చప్పుడైతే చాలు, కాగితపు ముక్కల కింద దూరేది. తోటి ఎలుకలతో పెద్ద బోనులో కొన్నాళ్లు ఉంచాక కుదుటపడింది. ఇప్పుడు చూలుతో ఉంది.

అక్కకీ నెలలు నిండాయి. నువ్వెప్పుడు బయల్దేరుతున్నావు? మాత్ర మానకు. ఏదైనా తిన్నాకే వేసుకో, ఖాళీ కడుపుతో అయితే వికారంగా ఉంటుంది.

నీ చిన్నది

*

నా చిట్టెలుకకి,

కాన్వెంటులో అన్నేళ్లు చదివించింది ఎలుకలకి మంత్రసానివి అవుతావనా? పక్కింటావిడ అడిగితే "మా చిన్నది పరిశోధనలో ఉంది" అని మాట మార్చాను.

అక్క దగ్గరికి నేను వెళ్లలేను. మోకాలు నొప్పి. కుట్టాల్సిన స్కూలు యూనిఫాంలు గుట్టలా పడి ఉన్నాయి. మంచి ఆయాని చూసుకోమని చెప్పు.

వికారం సంగతి నీకెవరు చెప్పారు? నా డాక్టరే చెప్పలేదు. ఎలుకలా? ఇంతకీ వాటిని ఏం చేస్తారు మీరు?

మోకాలు పట్టుకుని కూర్చున్న
అమ్మ

*

ప్రియమైన అమ్మకి,

మోకాలు నొప్పి అంటావు, మిషను మాత్రం కాలితోనే తొక్కుతున్నావు.

మేం చేసేది ఇది. కొన్ని పిల్లల్ని పుట్టిన దగ్గర్నుంచి కొన్నాళ్లు, రోజూ మూడు గంటలు తల్లికి దూరంగా ఉంచుతాం. పెద్దయ్యాక చూస్తే చాలావాటిలో చిన్న భయానికే ఒత్తిడి హార్మోను పాలు పొంగినట్టు పొంగుతుంది, తొందరగా దిగదు. మనసుని నిలకడగా ఉంచే సెరటోనిన్ పనితీరూ మారుతుంది. అన్నిటికీ ఇలా అవదు. పుట్టుకతో వచ్చిన జన్యువులూ, పసితనంలో పడ్డ కష్టమూ కలిసినచోట దిగులు జబ్బుకి దారి దొరుకుతుంది. గాభరా అలా తల్లికి దూరంగా పెరిగిందే.

టికెట్ తీసుకున్నావా?

నీ చిన్నది

*

చిన్నదానా,

నీ ఉత్తరం రెండోసారి కూడా చదివాను. బాగుంది. జన్యువులంటే నేను. పసితనమంటే నేను. ఎటు విసిరినా బంతి నా గుమ్మంలోనే పడుతోంది. మీ సైంటిస్టులకి మగ ఎలుకలు దొరకలేదా?

నీకు నాలుగో నెలలో ఈ దిగులు జబ్బుతోనే నన్ను ఆసుపత్రిలో చేర్చారు. నువ్వు బోర్లా పడటం నేను చూడలేదు. మీ నాన్నే డబ్బాపాలు కలిపి పట్టారు. తిరిగొచ్చి ఎత్తుకుంటే నన్ను చూసి ఏడ్చావు. నలుగురిలో నువ్వు పుస్తకం వెనక దాక్కుంటే అందరూ బుద్ధిమంతురాలంటారు. నాకు మాత్రం ఆ కాగితాల కింద దూరే ఎలుకే కనిపిస్తోంది.

అక్క బిడ్డ మీద ఈ చెయ్యి పడకపోతేనే మంచిది. ఇంక మోకాలి సంగతి అడక్కు.

అమ్మ

*

ప్రియమైన అమ్మకి,

గాభరా పిల్లల్ని పెట్టింది. నిన్న నేనో పొరపాటు చేశాను. పక్క బోనులోని పిల్లల బరువు చూసి తిరిగి పెడుతూ, ఒకదాన్ని గాభరా బోనులో పెట్టేశాను. తల్లికి దూరంగా పెరిగినవి సొంత పిల్లల్నే సరిగా చూడవని మా పుస్తకాల్లో ఉంది. ఇక పరాయిదాన్ని కొరికేస్తుందనుకుని పరుగెత్తాను.

గాభరా దాన్ని వాసన చూసింది. మెడ దగ్గర పట్టుకుని గూట్లోకి లాక్కెళ్లింది. తల నుంచి తోక దాకా నాకింది.

మా సారు నన్ను తిట్టి, "ఒక్క ఎలుకని బట్టి ఏమీ తేల్చలేం" అన్నారు. నిజమే. కానీ మంచి తోడు దొరికాక కుదుటపడ్డవాటిని ఆయనా చాలానే చూశారు. మెదడు పసితనంతోనే ఆగిపోదమ్మా. పైగా తన గురించి పుస్తకాల్లో ఏముందో గాభరాకి ఎవరూ చెప్పలేదు. నీకు నేను చెప్పి పాడుచేశాను.

వెళ్లమ్మా.

నీ చిన్నది

*

నా చిట్టెలుకకి,

అక్క ఇంటి నుంచి రాస్తున్నాను. కన్నతల్లిని ఎలుకతో పోల్చిన నీ ఉత్తరం అల్లుడుగారికి చదివి వినిపిస్తే, నవ్వు ఆపుకోలేక ఆయనకి పొలమారింది.

ఆడపిల్ల. మొదటిరోజు ఎత్తుకోనన్నాను. మీ అక్క "స్నానానికి పోవాలి, పట్టుకో" అని నా ఒళ్లో పడేసి పోయింది. ఎంతకీ బయటికి రాదే! మొండిఘటం. పిల్ల తుమ్మింది. నా ప్రాణం పోయినంత పనైంది. అది మాత్రం మళ్లీ హాయిగా నిద్రపోయింది. ఇంక దింపబుద్ధి కాలేదు. ఇప్పుడు నా పొట్ట మీదే పడక.

ఒకటి అడుగుతాను, డొంకతిరుగుడు లేకుండా చెప్పు. వికారం సంగతి నీకెలా తెలుసు?

మోకాలు కులాసా,
అమ్మ

*

ప్రియమైన అమ్మకి,

గాభరా పిల్లలు కళ్లు తెరిచాయి. పరాయిదాన్ని కూడా అక్కడే ఉంచమన్నారు సారు.

పుస్తకం వెనక దాక్కోవడం నాకిష్టం. అది జబ్బు కాదు, దాన్ని వదిలేయ్. జబ్బు వేరే వచ్చింది, నీకున్న దిగులే, నీకు వచ్చినంత గట్టిగా కాదు. డాక్టరు నన్ను మొదట అడిగింది ఇదే: "మీ ఇంట్లో ఎవరికైనా ఏ మందైనా బాగా పనిచేసిందా?" తడుముకోకుండా నీ మాత్ర పేరు చెప్పాను. చిన్నప్పుడు నీళ్లగ్లాసుతో పాటు అది నీకు అందించింది నేనే కదా. రక్తసంబంధం ఉన్నవాళ్లకి ఒకే మందు కుదరడం తరచుగా జరుగుతుందని ఆవిడ అంది. కొందరు మూడు నాలుగు మందులు మార్చి చూసుకోవాలి. నాకు మొదటిదే కుదిరింది, నీ వల్ల.

రెండేళ్లుగా రోజూ ఉదయం, ఏదైనా తిన్నాక, నేనూ అదే మాత్ర వేసుకుంటున్నాను.

నీ చిన్నది