మూడో పట్టీ

తాతయ్యకు నమస్కారం.

ఫోన్లో అయితే మీరు మాట దాటేస్తారని ఉత్తరం రాస్తున్నాను.

"దగ్గుకని ఈ ఎండల్లో వీపున మూడుసార్లు మందు పట్టీలు వేయించుకునే రోజుల్లో చల్లటివి ముట్టకూడదని తెలిసీ, బావిలో చల్లబెట్టిన పుచ్చకాయ తిన్నాడే మీ తాత! రెండు పట్టీలూ నీళ్ళపాలు. మూడోదానికి ఇక వెళ్ళడట" అని అమ్మమ్మ ఒకటే గోల. ఆ ముక్క కోసిచ్చింది నేనేనని మీరు చెప్పలేదు. వైద్యం చదివే మనవరాలి పరువు కాపాడారు.

నిన్న, మాకు చైనా సంప్రదాయ వైద్యం నేర్పుతూ మీకు పట్టీలు వేసే ఛియూ డాక్టరమ్మ దగ్గర నిజం ఒప్పుకున్నాను. ఆవిడ పట్టీల మందుకని తెల్ల ఆవాల పొడిలో అల్లం రసం పోస్తూ నవ్వేసింది.

"ఇంట్లోవాళ్ళను చెడగొట్టేది మా విద్యార్థులే! ఒక్క ముక్కకే అలిగాడా ముసలాయన? శుక్రవారం రమ్మను. మళ్ళీ చల్లటిది తిన్నాడో, ఊరుకోను."

"చలికాలపు దగ్గుకు నడి ఎండల్లోనే మందు" అని కూడా అంది. ఆ మాట ఎంత నచ్చిందో, పుస్తకం అంచున రాసుకున్నాను.

పోయిన చలికాలం టీ అంగడిలో దగ్గు వచ్చి మీ పాట సగంలోనే ఆగింది. ఆ తర్వాత మీరు అటు వెళ్ళనే లేదు. ఈ ఏడు ఆ పాట చివరిదాకా వినాలని నా ఆశ.

ఈ ఉత్తరం అమ్మమ్మకు చదివి వినిపించండి. తిట్లు నేను పడతాను.

మీ పట్టీకి మందు నన్నే కలపమంది డాక్టరమ్మ. నా చేతి మొదటి మందు అది. నా చేతి పుచ్చకాయ కాదనలేదుగా, దీన్నీ కాదనకండి.

మీ మనవరాలు